ముక్కు మీది తాకిడా, చెవిన పడిన చప్పుడా? పక్షి మెదడులో స్పర్శ పటం గీసిన నా అనుభవం

నేను పరిశోధక విద్యార్థిగా చేరిన రెండో ఏడాదిలో, మత్తులో ఉన్న ఒక జీబ్రా ఫించ్ పిట్ట ముక్కు అంచును సన్నని గాజు కడ్డీ మొనతో మెల్లగా తట్టినప్పుడు, బల్ల మీది స్పీకరులోంచి పేలాలు వేగుతున్నట్టు చిటపట శబ్దం వచ్చింది. ఆ పిట్ట మెదడులోకి నేను దించిన టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్ మొన దగ్గర కొన్ని నాడీకణాలు స్పందించాయన్నమాట. వాటి విద్యుత్ స్పందనను యాంప్లిఫయరు వేల రెట్లు పెంచి స్పీకరుకు పంపితే, మన చెవికి అది అలా వినిపిస్తుంది. మళ్లీ తట్టాను, మళ్లీ వచ్చింది. ఆ సాయంత్రం నోటుపుస్తకంలో లోతు కొలత రాసి, దాని ఎదుట ‘స్పర్శ, కింది ముక్కు, అంచు’ అని రాసుకున్నాను. మూడు నెలల తర్వాత ఆ మాటనూ, అలాంటి మరెన్నో మాటలనూ కొట్టివేసి, ప్రతిదాని పక్కనా ప్రశ్నార్థకం పెట్టవలసి వచ్చింది. ఆ మూడు నెలలూ, వాటి తర్వాత పనిని మొదటి నుంచి మళ్లీ చేసిన కాలమూ ఎలా గడిచాయో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నన్ను ఈ పనిలోకి లాగినవి నిజానికి బాతులు. మాది పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక పల్లె. వరి కోతలు అయ్యాక కాపరులు బాతుల మందలను తోలుకొచ్చి పొలాల్లో దించేవారు. అవి బురద నీటిలో ముక్కు ముంచి చపచప ఆడిస్తూ, కంటికి ఏమీ కనిపించని ఆ బురదలోంచి గింజ ఏదో మట్టిబెడ్డ ఏదో పోల్చుకుని తినేవి. ‘బాతుకి చూపంతా ముక్కులోనే ఉంటుందమ్మా’ అనేవాడు మా తాతయ్య. ఆ మాట ఎంత సరైనదో చాలా ఏళ్ల తర్వాత సూక్ష్మదర్శిని కింద చూశాను. బాతు ముక్కు చర్మంలో రెండు రకాల స్పర్శ గ్రాహకాలు కిక్కిరిసి ఉంటాయి. ఉల్లిపాయ పొరల్లా గుండ్రంగా చుట్టుకొని ఉండే హెర్బ్‌స్ట్ దేహాలు సన్నని కంపనాలను పట్టుకుంటాయి. బిళ్లల్లాంటి కణాల మధ్య నాడి కొస ఇమిడి ఉండే గ్రాండ్రీ దేహాలు తేలికపాటి తాకిడికి స్పందిస్తాయి. 19వ శతాబ్దంలోనే వీటిని గుర్తించారు. తడి నేలలో ముక్కు గుచ్చి ఆహారం వెతుక్కునే కంకణాల జాతి పక్షులకూ, ఉల్లంకి పిట్టలకూ, న్యూజిలాండ్ కీవీకీ ముక్కు చివర ఎముకలో చిన్న చిన్న గుంటలుంటాయి. హెర్బ్‌స్ట్ దేహాలు ఆ గుంటల్లో గుత్తులుగా కూర్చుని, మట్టిలో కదిలే పురుగును నేరుగా తాకక ముందే దాని ఉనికిని పసిగట్టడానికి తోడ్పడతాయి.

ఈ స్పర్శ మెదడులోకి వెళ్లే దారి నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. మనిషిలో గానీ ఎలుకలో గానీ ముఖం మీది స్పర్శ మెదడు పై పొరకు చేరాలంటే థాలమస్ అనే మజిలీలో ఆగి వెళ్లవలసిందే. పక్షిలో అలా కాదు. ముక్కు నుంచి త్రిశాఖ నాడి ద్వారా వచ్చిన సమాచారం మెదడు కాండంలోని ఒక కేంద్రానికి చేరి, అక్కడి నుంచి థాలమస్‌ను అసలు ముట్టకుండా, ఒక పొడవాటి నాడీమార్గం గుండా ముందు మెదడులోని బేసోరోస్ట్రాలిస్ అనే కేంద్రకానికి తిన్నగా వెళుతుంది. పాత పరిశోధన పత్రాల్లో దీని పేరు న్యూక్లియస్ బేసాలిస్ అని ఉంటుంది. క్షీరదాల మెదడులో అదే పేరుతో పూర్తిగా వేరే నిర్మాణం ఒకటి ఉన్నందువల్ల, 2004లో పక్షి మెదడు భాగాల పేర్లన్నీ సవరించినప్పుడు దీనికి ఇప్పటి పేరు పెట్టారు. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవారు 2004కు ముందు పత్రాలను చదివేటప్పుడు ఈ పేర్ల పట్టికను పక్కన పెట్టుకోవాలి. నేను పెట్టుకోక రెండు వారాలు పోగొట్టుకున్నాను.

ఇక్కడ పటం అన్న మాట గురించి కొంత చెప్పాలి. చర్మం మీద ఇరుగుపొరుగున ఉన్న చోట్లు మెదడులోనూ ఇరుగుపొరుగునే ఉంటే దాన్ని స్పర్శ పటం అంటాం. చర్మమే ఒక పరుపు లాంటిది కాబట్టి దాని పొందిక నాడుల వెంట మెదడు దాకా నిలబడితే చాలు, పటం ఏర్పడుతుంది. వినికిడి విషయం అలాంటిది కాదు. లోపలి చెవిలోని కోక్లియాలో వరుసగా అమరి ఉండేవి ధ్వని పౌనఃపున్యాలే. ఒక కొసన హెచ్చు స్థాయి, మరో కొసన తగ్గు స్థాయి. అందువల్ల పక్షి ముందు మెదడులోని ఫీల్డ్ ఎల్ అనే వినికిడి ప్రాంతంలో కనిపించేది స్వరస్థాయిల పటం. చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందన్నది చెవి లోపల ఎక్కడా రాసి ఉండదు, దాన్ని మెదడు లెక్క కట్టి తెలుసుకోవాలి. ఆ లెక్క ఫలితం కూడా ఒక పటంగా అమరుతుందని 1978లో ఎరిక్ నుడ్సెన్, మసకాజు కోనిషి బార్న్ గుడ్లగూబ మధ్య మెదడులో చూపించారు. ఆ గుడ్లగూబ చెవులు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. రెండు చెవులకూ చప్పుడు చేరే సమయంలోని తేడా, అది అత్యధికంగా ఉన్నప్పుడు కూడా సుమారు 200 మైక్రోసెకన్లే, కుడి ఎడమలను చెబుతుంది. రెండు చెవుల్లోని బిగ్గరతనంలో తేడా పైకిందులను చెబుతుంది. ఈ రెండూ కలిసినప్పుడు ఒక్కో కణం ఆకాశంలో ఒక్కో దిక్కుకు కాపలా కాస్తుంది. నాకు ఆ పత్రం చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. చర్మం పటం మెదడుకు వారసత్వంగా వస్తే, దిక్కుల పటాన్ని అది స్వార్జితంగా సంపాదించుకుంటుందని అప్పటి నుంచి నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఈ రెండు ఇంద్రియాలూ ఒకే చోట కలిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన మాత్రం అప్పటికి నాకు రాలేదు.

నేను చేరిన ప్రయోగశాలలో ఉన్నవి జీబ్రా ఫించ్‌లు. ఆస్ట్రేలియా నుంచి వచ్చి ప్రపంచమంతటా పంజరాల్లో పెరుగుతున్న ఈ పిట్ట బరువు 12 నుంచి 15 గ్రాములు, అంటే మన ఊర పిచ్చుకలో దాదాపు సగం. జంతు నైతిక సంఘానికి దరఖాస్తు రాయడంతో పని మొదలైంది. ఎన్ని పక్షులు కావాలి, అంతకంటే తక్కువతో ఎందుకు సరిపోదు, నొప్పి తెలియకుండా ఏం చేస్తారు, చివరికి ఆ పక్షి ఏమవుతుంది అన్న ప్రశ్నలకు ఒక్కోదానికి పేజీ చొప్పున జవాబు రాయవలసి వచ్చింది. అప్పట్లో అది కాగితాల పనిగా కనిపించింది. మూడు నెలల రికార్డింగులు పనికిరావని తేలిన రోజున, ఆ దరఖాస్తులో నేను రాసిన పక్షుల సంఖ్యే అన్నిటికంటే ముందు గుర్తొచ్చింది.

రికార్డింగు రోజు తెల్లవారుజామున మొదలయ్యేది. మత్తు ఇచ్చాక కాలి వేలిని చిన్న చిమటాతో నొక్కి చూసి, కాలు వెనక్కి లాగకపోతేనే ముందుకు వెళ్లాలి. పక్షి శరీర ఉష్ణోగ్రత మనకంటే ఎక్కువ, 41 డిగ్రీల పైనే ఉంటుంది. మత్తులో అది త్వరగా పడిపోతుంది కాబట్టి కింద వెచ్చని పరుపు తప్పనిసరి. తలను లోహపు చట్రంలో బిగించి, తల మీది ఈకలు తీసి, చర్మాన్ని పక్కకు జరిపితే పుర్రె కనిపిస్తుంది. పక్షి పుర్రెకు రెండు పలుచని పొరలుంటాయి, వాటి మధ్య గాలి నిండిన ఖాళీలో సన్నని ఎముక స్తంభాలుంటాయి. పై పొరను మాత్రం తీసివేస్తే, కింది పొర గుండా మెదడు మధ్యరేఖ వెంట వచ్చే పెద్ద సిర రెండు పాయలుగా చీలే చోటు ఎర్రగా, స్పష్టంగా కనిపిస్తుంది. జీబ్రా ఫించ్ మెదడు అట్లాసులో కొలతలన్నీ ఆ చీలిక దగ్గరే సున్నాతో మొదలవుతాయి. అక్కడి నుంచి ఎంత ముందుకు, ఎంత పక్కకు అని కొలిచి, సూది మొనంత రంధ్రం చేసి, ఎలక్ట్రోడ్‌ను మైక్రాన్ల లెక్కన, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కన, దించుతాం. మొదటి పిట్టకు రంధ్రం చేసేటప్పుడు నా చేతి మణికట్టు వణికింది. పక్కనున్న సీనియరు ఏమీ అనకుండా తన చేతిని నా మోచేతి కింద ఆసరాగా పెట్టింది. ఆమెది వరంగల్లు. ఆ ల్యాబులో తెలుగువాళ్లం మేమిద్దరమే. అక్కా అని పిలిచేదాన్ని.

అలా నెలల తరబడి 100 మైక్రాన్లకొకసారి ఆగుతూ, ఆగిన ప్రతిచోటా పై ముక్కు, కింది ముక్కు, మూల, మొన అన్నీ గాజు కడ్డీతో తట్టి చూస్తూ నోటుపుస్తకం నింపాను. కణాలు చక్కగా స్పందించేవి. అయితే వాటిలో చాలావాటికి ముక్కు మీద ఎక్కడ తట్టినా ఒకటే. ఇరుగుపొరుగుల వరస ఎక్కడా కనిపించడం లేదు. మా గైడు గారు ఆ పటం చూసి, ‘ఇది పటంలా లేదే, చినుకులు పడ్డ కాగితంలా ఉంది’ అన్నారు. ఎలక్ట్రోడ్ మొన మొద్దుబారిందేమోనని మార్చాను. మత్తు మోతాదు ఎక్కువైందేమోనని సరిచూశాను. ఏం చేసినా ఆ చినుకులు అలాగే ఉన్నాయి.

ఒక సాయంత్రం అలసటతో గాజు కడ్డీని కింద పెట్టబోతుంటే అది చేజారి స్టీలు ట్రే మీద టంగుమని పడింది. ఆ క్షణంలో ముక్కును ఎవరూ తాకలేదు. స్పీకరు మాత్రం అదే చిటపటతో పలికింది. నేను అలాగే నిలబడిపోయాను. కాసేపటికి కడ్డీని తీసి కావాలనే ట్రే మీద తట్టాను, పలికింది. చప్పట్లు కొట్టాను, పలికింది. మూడు నెలలుగా నేను స్పర్శ అని రాసుకున్న కణం ఒక చప్పుడు విన్న కణం. కడ్డీ ముక్కును తట్టినప్పుడు ఆ తట్టుడు పుట్టించిన చిన్న శబ్దమూ, ముక్కు ఎముక గుండా పుర్రెకూ, అక్కడి నుంచి కోక్లియాకూ పాకిన కంపనమూ దాన్ని మేల్కొలిపాయే తప్ప, చర్మం మీది తాకిడి కాకపోవచ్చు. అందుకే దానికి ముక్కు మీద ఎక్కడ తట్టినా ఒక్కటే అయింది.

ఇది ఎవరికీ తెలియని విషయమేమీ కాదు. బేసోరోస్ట్రాలిస్‌లో వినికిడి స్పందనలు ఉన్నాయని పావురంలో 1980లలోనే రికార్డు చేశారు. మెదడు కాండంలోని ఒక వినికిడి కేంద్రం నుంచి కూడా దానికి, మళ్లీ థాలమస్‌ను ముట్టకుండానే, తిన్నగా దారి ఉందని తర్వాత జీబ్రా ఫించ్‌లోనూ చూపించారు. అంటే ముక్కుకున్న అడ్డదారి లాంటిదే చెవికీ ఉంది, రెండూ ఒకే గుమ్మం ముందు తేలతాయి. ఆ పత్రాలు నేను చదివాను కూడా. చదివి, అది నా ప్రశ్న కాదని పక్కన పెట్టాను. ఒక ఇంద్రియం పటం గీసేటప్పుడు రెండోది ఊరుకుని కూర్చుంటుందని అనుకోవడమే నా తప్పు.

మర్నాడు అక్క నా ఏర్పాటునంతా చూసి, ‘ముక్కుని కడ్డీతో బిగించి ముక్కు సంగతి అడుగుతున్నావు, చెవుల్లో కడ్డీలు దూర్చి చెవి సంగతి అడుగుతున్నావు. ముందు ఆ రెంటినీ వదిలిపెట్టు’ అంది. ఆమె చెప్పినది అక్షరాలా నిజం. ఆ చట్రంలో తల నిలబడేది చెవి రంధ్రాల్లోకి వెళ్లే రెండు కడ్డీల మీదా, ముక్కును పట్టుకునే ఒక అడ్డకడ్డీ మీదా. చెవి కడ్డీలు గాలిలోంచి వచ్చే శబ్దాన్ని చాలావరకు ఆపినా, ట్రే మీది కంపనాన్ని చట్రం గుండా పుర్రెకు మోసుకెళ్లేవి కూడా అవే. ముక్కు కడ్డీ అయితే నేను పటం గీయాలనుకున్న చర్మాన్నే అస్తమానం నొక్కి పట్టుకుని ఉంది. అప్పటి నుంచి పద్ధతి మార్చాం. పుర్రె వెనుక భాగానికి ఒక చిన్న లోహపు కమ్మీని పళ్ల డాక్టర్లు వాడే సిమెంటుతో అతికించి, అది గట్టిపడ్డాక దాన్ని మాత్రమే చట్రానికి బిగించి, చెవి కడ్డీలనూ ముక్కు కడ్డీనీ తీసివేసేవాళ్లం. పిట్ట తల ముందు భాగమంతా గాలిలో స్వేచ్ఛగా ఉండేది. ఈకల కింద దాగి ఉండే ఆ చిన్న చెవి రంధ్రాలు తెరుచుకుని ఉండేవి. దీనివల్ల ఒక్కో పిట్టకు గంటన్నర ఎక్కువ పట్టింది.

తర్వాత ప్రతి కణాన్ని ఒకటికి నాలుగుసార్లు ప్రశ్నించడం మొదలుపెట్టాను. గాజు కడ్డీ బదులు చిత్రకారుల అతి సన్నని కుంచెలోంచి తీసిన ఒకే ఒక్క వెంట్రుకను వాడాను. అది తాకితే మన చెవికి వినిపించేంత చప్పుడు పుట్టదు. కణం స్పందిస్తే, అదే వెంట్రుకను ముక్కుకు కాస్త దూరంలో అలాగే ఆడించి చూసేదాన్ని. ఆపైన పుర్రెకు అతికిన కమ్మీని మెల్లగా తట్టేదాన్ని. ముక్కును తాకకుండా ఎముకను మాత్రం కంపింపజేసినప్పుడు పలికే కణాన్ని స్పర్శ జాబితాలో చేర్చడానికి వీల్లేదు. చివరగా స్పీకరు గుండా తెల్లని రొద, అంటే అన్ని స్వరస్థాయిలూ కలగలిసిన హోరు, వినిపిస్తూ, ఆ రొదలో మళ్లీ వెంట్రుకతో తాకేదాన్ని. చిన్న శబ్దాలన్నీ ఆ రొదలో మునిగిపోయాక కూడా స్పందన నిలబడితే అది తాకిడి వల్లే వచ్చిందని నమ్మేదాన్ని.

వీటన్నిటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది గాలి ఊదే పరీక్ష. సన్నని గొట్టంలోంచి ముక్కు మీదకి క్షణకాలం గాలి వదిలే పద్ధతి ఈ రంగంలో చాలాకాలంగా ఉన్నదే. కానీ గాలి వదిలే కవాటం టిక్కుమంటుంది, గాలి కూడా బుస్సుమంటుంది, అంటే ఇక్కడా అదే చిక్కు. దాన్ని విప్పడానికి దూరాన్ని వాడుకున్నాం. గాలిలో ధ్వని ఒక మిల్లీసెకనులో దాదాపు 34 సెంటీమీటర్లు పోతుంది. గొట్టం నుంచి వెలువడిన గాలి కెరటం మాత్రం దానికంటే ఎంతో నెమ్మదిగా నడుస్తుంది. గొట్టాన్ని రెండు సెంటీమీటర్ల దూరం నుంచి పది సెంటీమీటర్లకు జరిపితే, చప్పుడు చేరే సమయం మిల్లీసెకనులో నాలుగో వంతు కూడా మారదు. తాకిడి చేరే సమయం మాత్రం కళ్లకు కట్టినట్టు వెనక్కి జరుగుతుంది. తెర మీద రెండు గీతలను ఒకదాని కింద ఒకటి పెట్టి చూసిన మొదటి రాత్రి, ఒక కణం స్పందన గొట్టం ఎంత దూరం జరిపినా ఉన్నచోటే నిలబడింది, దాని కింద 200 మైక్రాన్ల లోతులో ఉన్న ఇంకో కణం స్పందన గొట్టంతో పాటే వెనక్కి జరిగింది. మొదటిది వింటోంది, రెండోది తాకిడిని పట్టుకుంటోంది. ఆ రెండు గీతల కాగితం ఇప్పటికీ నా బల్ల ముందు గోడకు అంటించి ఉంది.

రెంటికీ స్పందించే కణాలు కూడా ఎదురయ్యాయి. వాటిని చూసి మొదట విసుగొచ్చిన మాట నిజం, ఎందుకంటే నా జాబితాలో వాటికి గడి లేదు. ఇప్పుడు నాకు వాటి మీదే ఎక్కువ ఆసక్తి. గింజను ముక్కులో పట్టి పొట్టు వొలిచే పిట్టకు, గింజ పగిలిన తాకిడీ పగిలిన చప్పుడూ ఒకే క్షణంలో అందుతాయి. బేసోరోస్ట్రాలిస్ నుంచి బయలుదేరే మార్గాలు దవడల కదలికను నడిపే కేంద్రాల వైపు వెళతాయి కాబట్టి, ఆ రెండు వార్తలు అక్కడ కలవడంలో ప్రయోజనం ఉందనే నా అభిప్రాయం. ఇది ప్రయోగంతో తేల్చవలసిన విషయం, నేను తేల్చలేదు.

ఎలక్ట్రోడ్ నిజంగా ఎక్కడుందో అక్కడ చిన్న విద్యుత్ ప్రవాహంతో ఒక మచ్చ పెట్టి, చివరికి ఆ మెదడును బయటికి తీసి, గట్టిపరచి, చక్కెర ద్రావణంలో వేస్తాం. మొదట తేలే మెదడు చక్కెర లోపలికి ఇంకాక అడుగుకు మునుగుతుంది. మునిగిందో లేదోనని ఉదయాన్నే సీసా ఎత్తి చూడడం నాకు అలవాటైపోయింది. తర్వాత దాన్ని గడ్డకట్టించి 40 మైక్రాన్ల మందంతో కోసి, క్రెసిల్ వయొలెట్ అద్దకం వేస్తే కణాలన్నీ ఊదారంగులో తేలతాయి. మచ్చ ఉన్న కోత దొరికే దాకా ఒకదాని తర్వాత ఒకటి స్లైడ్లు చూడాలి. స్పర్శ కణాలను మాత్రమే మిగిల్చి, వాటి మచ్చల స్థానాలను ఒకే చిత్రం మీద పెట్టినప్పుడు, చినుకులు పడ్డ కాగితంలో వరస కనబడింది. పై ముక్కు కణాలు ఒక పక్కనా, కింది ముక్కు కణాలు మరో పక్కనా చేరి ఉన్నాయి, ఇరుగుపొరుగులు ఇరుగుపొరుగులుగానే ఉన్నారు. గైడు గారు ఆ చిత్రాన్ని చాలాసేపు చూసి, పాత చిత్రాన్ని కూడా తెమ్మని అడిగి, రెంటినీ పక్కపక్కన పెట్టి తేదీలు రాయించారు.

మిగిలిన శరీరం సంగతి వేరు. రెక్కలు, కాళ్ల నుంచి వచ్చే స్పర్శ థాలమస్ మీదుగానే, ముందు మెదడు పైభాగంలో ఉబ్బుగా కనిపించే వుల్స్ట్ అనే ప్రాంతపు ముందు భాగానికి చేరుతుంది. జర్మన్ భాషలో ఆ మాటకు ఉబ్బు అనే అర్థం. బార్న్ గుడ్లగూబలో అక్కడ వేటను పట్టే పంజాకు పెద్ద చోటు ఉంటుంది. చిలకల జాతికి చెందిన బడ్జెరిగర్‌లో మాత్రం ముక్కు కేంద్రకంలోనే ఒళ్లంతటి పటమూ ఉందని 1997లో మార్టిన్ వైల్డ్, ఆయన సహచరులు చూపించారు. చిలక ముక్కును మూడో కాలుగా వాడుకుంటూ ఎక్కుతుంది కాబట్టి ఆ వార్త చదివినప్పుడు నాకు అంతగా వింత అనిపించలేదు. 2024లో హమ్మింగ్ పక్షి మీద వచ్చిన పరిశోధనలో రెక్క ముందు అంచు మీద ఊదిన అతి స్వల్పమైన గాలికి కూడా ముందు మెదడు కణాలు స్పందించాయని చదివి, వెంటనే వాళ్లు గాలి చప్పుడును ఎలా వేరు చేశారో వెతుక్కున్నాను. ఇప్పుడు ఏ స్పర్శ పత్రం చేతికొచ్చినా మొదట చదివేది ఆ భాగాన్నే.

నా చిత్రంలో ఒక చోటు ఇంకా ఖాళీగా ఉంది. జీబ్రా ఫించ్ గింజను వొలిచేది ముక్కుతోనే కాదు, నాలుకతో కూడా. మత్తులో ఉన్న పిట్ట ముక్కు మూసుకునే ఉంటుంది. దాన్ని తెరిచి పట్టడానికి ఏ సాధనం పెట్టినా అది ముక్కును తాకుతుంది, నాలుకను తాకినప్పుడల్లా దవడ కూడా కదులుతుంది. కింది దవడను తాకకుండా నోరు తెరిచి ఉంచేందుకు పలుచని పట్టుదారంతో ఒక ఉచ్చు అల్లి చూస్తున్నాను. ఇప్పటికి మూడు రకాలు అల్లాను. మూడోది చప్పుడు చేయడం లేదు, ఎముకను కదపడం లేదు, కానీ పది నిమిషాలకే జారిపోతోంది.